పెద్దకర్మ మర్నాడు మొదలయ్యే పని: ఇంటర్న్‌షిప్‌తో గ్రీఫ్ కౌన్సెలింగ్‌లోకి ఎలా రావాలి

పెద్దకర్మ అయిన మర్నాడు ఇల్లు ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. షామియానా విప్పేస్తారు. అద్దె కుర్చీలు ట్రాలీ ఆటోలో ఎక్కిస్తారు. చుట్టాలు బస్సు టైముకి సంచులు సర్దుకుంటారు. అన్ని రోజులూ ఊపిరి సలపనంత జనం. ఆ మర్నాటి నుంచి ఇంట్లో మిగిలేది ఒక ఖాళీ మంచం, దాన్ని చూస్తూ కూర్చునే ఒక మనిషి. పలకరింపులన్నీ అయిపోయిన ఆ రోజు నుంచే గ్రీఫ్ కౌన్సెలర్, అంటే అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళకి ఆ దుఃఖంలో తోడుండే మనిషి, అవసరం మొదలవుతుంది.

ఈ పని నేర్చుకోవాలని ఉందంటూ చాలామంది పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. సైకాలజీ చదివేవాళ్ళు, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) వాళ్ళు, ఇంట్లో ఎవరో పోయాక మనసు ఇటు తిరిగినవాళ్ళు. అందరికీ ఒకటే చెబుతాను. ఈ పని వార్డులో, కుటుంబాల మధ్య కూర్చుంటేనే పట్టుబడుతుంది. అలా కూర్చున్నప్పుడు మీ వెనక ఒక మంచి సూపర్‌వైజర్, అంటే మీ పనిని గమనిస్తూ దారి చూపే సీనియర్, ఉండి తీరాలి. నేను కేన్సర్ వార్డులో ఇంటర్న్‌గా పని నేర్చుకున్నాను. అప్పుడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించినవన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. ముందు మీ సొంత దుఃఖం సంగతి చూసుకోండి

ఈ పనికి వచ్చేవాళ్ళలో చాలామంది తమ ఇంటి చావు నుంచే వస్తారు. నేనూ మా నాన్న పోయాకే వచ్చాను. అందులో తప్పు లేదు. కానీ దగ్గరివాళ్ళు పోయి ఏడాది తిరగకపోతే, సంవత్సరీకం దాటేదాకా ఆగమంటాను. ఎదుటి మనిషి "ఆక్సిజన్ పెట్టమని నేనే గట్టిగా అడిగి ఉండాల్సింది" అన్నప్పుడు మీకు మీ నాన్న మంచం కనపడితే, ఆ క్షణంలో ఆ మనిషి ఒంటరి అయిపోతారు. మీరు అక్కడే కూర్చుని ఉన్నా అక్కడ లేనట్టే.

దరఖాస్తు చేసే ముందు ఒక పని చేయండి. నోటుపుస్తకం తీసుకుని చిన్నప్పటి నుంచి మీరు పోగొట్టుకున్నవన్నీ రాయండి. నానమ్మ, ఇంటర్‌లో పోయిన స్నేహితుడు, అమ్మేసిన ఊళ్ళో ఇల్లు, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన మూడు విషయాలు రాయండి: ఆ కబురు మీకు ఎవరు చెప్పారు, మిమ్మల్ని ఏడవనిచ్చారా లేదా, ఏ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. రాస్తూ రాస్తూ చెయ్యి ఎక్కడ ఆగిపోతుందో గుర్తుపెట్టుకోండి. రేపు సెషన్‌లో మీరు తడబడేది అక్కడే. ఆ విషయం గురించి ముందు మీరు ఒక కౌన్సెలర్‌తో మాట్లాడుకోవడం మంచిది.

2. చదువు ఎంత కావాలి

మన దేశంలో "గ్రీఫ్ కౌన్సెలర్" అని విడిగా లైసెన్సు ఏదీ లేదు. ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ, లేదా ఎంఎస్‌డబ్ల్యూ, ఈ రెండు దారుల్లోనే ఎక్కువమంది వస్తారు. సైకాలజీకి ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీకి ప్రత్యేక కేంద్రమే ఉంది. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళు ఇదివరకు ఇగ్నో ఎంఏ సైకాలజీలో కౌన్సెలింగ్ సైకాలజీ తీసుకునేవాళ్ళు, కానీ 2025 నుంచి దూరవిద్యలో సైకాలజీకి కొత్త ప్రవేశాలు ఆపమని యూజీసీ చెప్పింది. సోషల్ వర్క్ వైపు అయితే హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీ లాంటివి ఉన్నాయి. ఎంఎస్‌డబ్ల్యూలో ఫీల్డ్ వర్క్ చదువులోనే భాగం కాబట్టి ఆసుపత్రుల తలుపు వాళ్ళకి కొంచెం తేలిగ్గా తెరుచుకుంటుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. "క్లినికల్ సైకాలజిస్ట్" అని పేరు కింద రాసుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి వేరే శిక్షణ ఉంది. మిగతా కౌన్సెలర్లు 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పరిధిలోకి వస్తారు. రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి "సర్టిఫైడ్ గ్రీఫ్ థెరపిస్ట్" అని బోర్డు పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. అలాంటి సర్టిఫికెట్‌కి డబ్బు పోయకండి. ఆ డబ్బుతో ఏదైనా పాలియేటివ్ కేంద్రం (తీవ్రమైన జబ్బుల్లో రోగి బాధ తగ్గించే చోటు) పెట్టే వాలంటీర్ శిక్షణకి వెళ్ళిరండి. తిరువనంతపురంలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ 2003లో మొదలుపెట్టిన పాలియం ఇండియాలో ఇలాంటి శిక్షణ ఉంది. కేరళలో కాలనీవాళ్ళే వంతులు వేసుకుని మంచాన పడ్డ రోగుల ఇళ్ళకి వెళ్తారు. అది ఒకసారి చూస్తే ఈ పని ఒక గదికీ ఒక కుర్చీకీ పరిమితం కాదని తెలుస్తుంది.

3. చోటు ఎక్కడ వెతకాలి

చావు ఎక్కువగా జరిగే చోటికి, దాని గురించి దాపరికం లేకుండా మాట్లాడే చోటికి వెళ్ళాలి. నా లెక్కలో మొదటి ఎంపిక పాలియేటివ్ కేర్ విభాగాలు, హాస్పైస్‌లు (చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే చోట్లు). హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. రోటరీ క్లబ్ ఆఫ్ బంజారా హిల్స్ ట్రస్టు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పైస్‌లో చివరి దశ కేన్సర్ రోగులను ఉచితంగా చూసుకుంటారు. ఇలాంటి చోట మీరు మనిషి బతికుండగానే కుటుంబాన్ని కలుస్తారు. భర్త పోబోతున్నాడని తెలిసిన భార్య ఆ నెల రోజుల్లో పడేదీ దుఃఖమే. అప్పటి నుంచి ఆవిడకి మీరు తెలిసి ఉంటే, తర్వాత మీ ఫోన్ ఎత్తుతుంది.

రెండోది హెల్ప్‌లైన్లు. సికింద్రాబాద్ రోష్ని, చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ, ఇవి ఆత్మహత్యల నివారణ కోసం వాలంటీర్లతో నడిచే సంస్థలు. వినడం అనే విద్యను ఇంత గట్టిగా నేర్పే చోటు ఇంకోటి లేదు. ముఖం కనపడదు, చెయ్యి పట్టుకోలేం, మిగిలింది చెవి ఒక్కటే.

మూడోది ప్రభుత్వ మానసిక వైద్యశాలలు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. అక్కడ అన్ని రకాల కేసులూ వస్తాయి, వాటి మధ్యలో దుఃఖం వేరే వేషంలో కనపడుతుంది. నిద్ర పట్టట్లేదని వచ్చిన పెద్దాయన గత ఏడాది కొడుకుని పోగొట్టుకున్నాడని నాలుగో ప్రశ్నకి గానీ బయటపడదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకి ఒక మాట. అమెరికాలో మెడికేర్ గుర్తింపు ఉన్న హాస్పైస్‌లు రోగి పోయాక ఏడాది వరకూ కుటుంబానికి తోడుండే సేవ ఇవ్వాలి, వాలంటీర్లను కూడా తప్పనిసరిగా వాడుకోవాలి. అంటే అక్కడ తలుపు తెరిచే ఉంటుంది. బ్రిటన్‌లో 1959 నుంచి క్రూజ్ అనే సంస్థ పూర్తిగా ఈ పనే చేస్తోంది. కొడుకు దగ్గరికి వచ్చి అక్కడే భర్తను పోగొట్టుకున్న మన అమ్మకి ఇంగ్లీషులో ఏడవడం రాదు. తెలుగు తెలిసిన వాలంటీర్ దొరికితే ఆ ఇంటికి ఎంత ఊరటో ఊహించుకోండి.

4. ఎలా అడగాలి, ఏమి అడగాలి

మెయిల్ చిన్నదిగా ఉండాలి. ఏం చదువుతున్నారు, వారానికి ఏ రోజులు రాగలరు, ఎన్ని నెలలు ఉంటారు, ఏ భాషలు మాట్లాడగలరు. తెలుగుతో పాటు ఉర్దూ గానీ లంబాడీ గానీ వస్తే మొదటి వరసలోనే రాయండి, అది డిగ్రీకి తక్కువేమీ కాదు. "దుఃఖితుల కన్నీళ్ళు తుడవాలన్నది నా ఆశయం" లాంటి వాక్యాలు వద్దు. చదివే డాక్టరుగారు రోజుకి ఎన్ని మరణాలు చూస్తున్నారో గుర్తుంచుకోండి. వారంలో జవాబు రాకపోతే నేరుగా వెళ్ళండి. ఓపీ హడావిడి తగ్గే మధ్యాహ్నం పూట వెళ్ళి, అక్కడి సోషల్ వర్కర్‌నో సీనియర్ సిస్టర్‌నో కలవండి. మూడు నెలలకి తక్కువైతే ఒప్పుకోకండి. నెల రోజుల్లో పేర్లు కూడా గుర్తుండవు.

వాళ్ళు మిమ్మల్ని అడిగినట్టే మీరూ వాళ్ళని అడగాలి. నా సూపర్‌వైజర్ ఎవరు? వారానికి ఎంతసేపు నాతో కూర్చుంటారు? నేను ఒంటరిగా మాట్లాడటం ఎప్పుడు మొదలవుతుంది, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు? ఎవరైనా చనిపోతానని అంటే ఆ నిమిషంలో నేను ఎవరిని పిలవాలి? రోగుల వివరాలు ఎక్కడ రాయాలి, ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నలు నేను అడగలేదు. నా మొదటి చోట మూడో రోజే నన్ను ఒక గదిలోకి పంపి తలుపు వేశారు. లోపల ఒక తండ్రి. కొడుకు బైకు ప్రమాదంలో పోయి తొమ్మిది రోజులైంది. "నేనే బండి కొనిచ్చాను" అన్నాడు. నాకు గొంతు పెగల్లేదు. గాబరాలో "మీ తప్పేం లేదండీ" అనేశాను. ఆయన లేచి దండం పెట్టి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రం ఏం జరిగిందని నన్ను అడిగే మనిషి ఆ సంస్థలో లేరు. తర్వాతి వారం అక్కడ మానేశాను. అందుకే చెబుతున్నాను, పెద్ద పేరున్న చోట సూపర్‌వైజర్ లేకపోతే వదిలేయండి. చిన్న చోటైనా వారానికి ఒక గంట మీతో కూర్చునే మనిషి ఉంటే పట్టుకోండి.

స్టైపెండ్ ఉంటుందని అనుకోకండి. చాలా చోట్ల ఉండదు. బస్ ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం లెక్క ముందే వేసుకోండి. ఇంటర్న్‌షిప్ పేరుతో ఎదురు ఫీజు అడిగితే, ఆ ఫీజుకి ఎన్ని గంటల సూపర్‌విజన్ ఇస్తారో రాతపూర్వకంగా అడగండి.

5. మొదటి రెండు వారాలు

మాట్లాడకండి. వార్డు నేర్చుకోండి. నర్సు సిస్టర్ల డ్యూటీ ఎప్పుడు మారుతుంది, ఆయమ్మ పేరేంటి, అటెండర్లు ఎక్కడ పడుకుంటారు, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, శవాన్ని ఏ దారిలో కిందకి తీసుకెళ్తారు, డెత్ సర్టిఫికెట్‌కి ఏ కిటికీ దగ్గర నిలబడాలి. అంబులెన్స్ దొరక్క రాత్రి పదకొండు గంటలకి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న కుటుంబానికి మీ కౌన్సెలింగ్ కన్నా ఆ అంబులెన్స్ ముందు కావాలి. ఆ పూట మీరు ఫోన్లు చేసి పెట్టిన సాయం వాళ్ళు మర్చిపోరు.

మన ఊళ్ళలో కౌన్సెలింగ్ అనే మాటకి వేరే అర్థాలున్నాయి. ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ ఒకటి, పోలీస్ స్టేషన్‌లో భార్యాభర్తలకి చెప్పే బుద్ధులు ఇంకొకటి. "నేను కౌన్సెలర్‌ని" అంటే కొందరు తమవల్ల తప్పేం జరిగిందోనని భయపడతారు. "అమ్మా, నేను ఈ వార్డులోనే పనిచేస్తాను. కాసేపు మీ దగ్గర కూర్చోనా?" అంటే చాలు. వద్దంటే "సరేనమ్మా, రేపు మళ్ళీ కనపడతాను" అని చెప్పి, రేపు నిజంగానే కనపడండి.

6. ఎదురుగా కూర్చున్నప్పుడు

అసలు నేర్చుకోవాల్సింది ఇక్కడే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

కుర్చీ ఉంటే ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా వేసుకోండి. వాళ్ళు కింద కూర్చుంటే మీరూ కింద కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో వేయండి. పోయినవాళ్ళ పేరు అడగండి, అడిగాక ఆ పేరుతోనే మాట్లాడండి. "పేషెంట్", "బాడీ" అనే మాటలు కుటుంబం ముందు రానీయకండి. పేరు పలకగానే ఏడుస్తారేమోనని భయపడతాం. నిజానికి చాలామంది ఆ పేరు ఎవరైనా పలుకుతారా అని ఎదురుచూస్తుంటారు. ఇంట్లో అందరూ వాళ్ళ బాధ చూడలేక ఆ పేరే ఎత్తడం మానేసి ఉంటారు.

"ఆయన ఎలాంటి మనిషి?" అన్న ప్రశ్న నేను ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటాను. ఎలా పోయారన్నది అప్పటికే యాభైమందికి చెప్పి ఉంటారు, ఎలా బతికారన్నది అడిగినవాళ్ళు తక్కువ. ఒక పెద్దావిడ మూడు రోజులు నాతో ఏమీ మాట్లాడలేదు. నాలుగో రోజు ఇదే అడిగితే "పొద్దున్నే నాకు టీ ఆయనే పెట్టిచ్చేవాడమ్మా" అంది. ఆ తర్వాత గంటసేపు ఆగలేదు.

నోట్లోకి వచ్చినా మింగేయాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. "ఏడవకండి." "గుండె రాయి చేసుకోండి." "దేవుడు రాసిన రాత." "ఇంకో బిడ్డ ఉన్నాడుగా." "పోనీలెండి, బాధ లేకుండా పోయారు." ఇవి పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పి వెళ్ళినవే, వాళ్ళూ ప్రేమతోనే చెప్పారు. వాళ్ళని తప్పుపట్టకండి. మీరు మాత్రం అనకండి. దేవుడి మాట కుటుంబం నోటి నుంచి వస్తే అడ్డు చెప్పకండి. అది వాళ్ళ ఊతకర్ర. మీ అంతట మీరు ఎత్తకండి.

వాళ్ళు తమని తాము నిందించుకున్నప్పుడు మీ తప్పేం లేదని తొందరపడి అనకండి. నేను చేసిన తప్పు అదే. ఆ తండ్రికి నేను చెప్పాల్సిందల్లా "బండి గురించి చెప్పండి" అని. ఏ రంగు కొన్నారు, ఎవరు ఎంచారు, ఆ రోజు అబ్బాయి ముఖం ఎలా ఉంది, ఇవన్నీ చెప్పుకుంటూ వెళితే ఆ బండి వెనకున్న ప్రేమ దగ్గరికి ఆయనే చేరుకునేవాడు. నేను తలుపు తెరవకముందే మూసేశాను.

మౌనం వస్తే ఉండనివ్వండి. మనసులో ఇరవై వరకు లెక్కపెట్టుకోండి. మీకు కళ్ళు చెమరిస్తే ఫరవాలేదు, వాళ్ళు మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి మాత్రం రాకూడదు.

ఆచారాలు తెలుసుకుని వెళ్ళండి. హిందువుల ఇంట్లో మైల రోజుల్లో ఎవరు ఎవరిని తాకొచ్చు, భోజనం పెడితే మీరు తినాలా, పదో రోజున భర్త పోయిన ఆడమనిషికి ఏం చేస్తారు. ఆ గాజులు, బొట్టు తీసే తంతు తర్వాత ఆవిడతో మాట్లాడితే కొన్నిసార్లు చావు కన్నా ఆ రోజే ఎక్కువ గుర్తుండిపోయిందని చెబుతారు. ముస్లిం కుటుంబంలో భర్త పోయిన భార్య నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ అనే సంతాప కాలం పాటిస్తుంది, ఆవిడ దగ్గరికి మహిళా కౌన్సెలర్ వెళ్ళడమే సరైనది. క్రైస్తవుల ఇళ్ళలో ఆదరణ కూడిక ఎప్పుడో అడిగి, ఆ రోజు సెషన్ పెట్టుకోకండి.

పిల్లలతో మాట్లాడేటప్పుడు "ఊరెళ్ళాడు", "నిద్రపోయాడు" అనొద్దు. ఊరెళ్ళిన నాన్న కోసం పిల్లాడు గుమ్మం దగ్గరే కూర్చుంటాడు. నిద్రంటే భయపడతాడు. "నాన్న చనిపోయాడు. శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక తిరిగి రాడు. నువ్వేం చేసినందుకూ ఇలా జరగలేదు." ఇవే మాటలు, వయసుకి తగ్గట్టు. చివరి వాక్యం తప్పకుండా చెప్పాలి, చాలామంది పిల్లలు తమ అల్లరి వల్లే జరిగిందని లోపల్లోపల నమ్ముతారు.

కొన్ని దుఃఖాలకి ఏడ్చే హక్కు కూడా ఇవ్వరు. ఏడో నెలలో పోయిన కడుపు, పెళ్ళి కాకుండా కలిసి బతికిన మనిషి, ఎయిడ్స్‌తో పోయిన తమ్ముడు, ఆత్మహత్య చేసుకున్న కూతురు. కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లోనే దీనికి విడిగా ఒక పేరు పెట్టాడు. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ కుటుంబాల్లో ఇంకో రకం ఉంది. మనిషి పోయిన కబురు ఫోన్‌లో వస్తుంది, కాగితాలు పూర్తయి పెట్టె శంషాబాద్‌లో దిగడానికి కొన్నిసార్లు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగించాలా వద్దా అన్నది కూడా తెలియదు. అలాంటి ఇంటికి వెళితే ముందు కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి.

7. సిద్ధాంతం, అవసరమైనంత

దుఃఖానికి ఐదు దశలు (కాదనడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోవడం) ఉంటాయని మీరు వినే ఉంటారు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో వాటిని చెప్పింది చావుకి దగ్గరైన రోగులతో మాట్లాడి. తర్వాత అందరూ వాటిని వెనక మిగిలినవాళ్ళకి అంటించారు. ఎవరి దుఃఖమూ మెట్లు ఎక్కినట్టు వరుసగా సాగదు. "ఈవిడ ఇప్పుడు కోపం దశలో ఉంది" అని నోట్స్‌లో రాయకండి.

నాకు వార్డులో ఎక్కువ ఉపయోగపడింది స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు 1999లో చెప్పిన పద్ధతి. మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు బతుకు వైపు ఊగుతూ ఉంటాడనీ, ఆ ఊగడమే మామూలు సంగతనీ వాళ్ళంటారు. మూడో వారంలో సీరియల్ చూసి నవ్విన కోడల్ని అత్తగారు "అప్పుడే మర్చిపోయింది" అంటే, ఆ ఇద్దరి మధ్య మీకు పని ఉంది. కోడలు నవ్విందీ నిజమే, రాత్రి దిండులో ముఖం దాచుకున్నదీ నిజమే.

ఇంకోటి, పోయినవాళ్ళతో బంధం తెంచుకుంటేనే ముందుకు వెళ్తారన్న పాత ఆలోచనని 1996 నుంచి పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. మనవాళ్ళకి ఇది కొత్త కాదు. సంక్రాంతికి పెద్దలకి కొత్త బట్టలు పెడతాం, పెత్తరమాసకి వాళ్ళ పేరున బియ్యం ఇస్తాం. భర్త ఫొటోతో రోజూ మాట్లాడే ఆవిడకి జబ్బు ఉందని అనుకోకండి.

అయితే దుఃఖం బిగుసుకుపోయే సందర్భాలూ ఉంటాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం రుగ్మతల పుస్తకం డీఎస్ఎంకి 2022లో వచ్చిన సవరణలో పెద్దవాళ్ళకి ఏడాది దాటాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో ఆరు నెలలు దాటాక, రోజువారీ బతుకు నిలిచిపోయేంత తీవ్రంగా ఉంటే దాన్ని రుగ్మతగా గుర్తిస్తారు. ఆ నిర్ణయం ఇంటర్న్‌ది కాదు. మీ పని గమనించి సూపర్‌వైజర్‌కి చెప్పడం.

8. ప్రమాదం వాసన వస్తే

"నేనూ ఆయన దగ్గరికే పోతాను" అన్న మాట దుఃఖంలో మామూలుగానే వస్తుంది. అయినా ప్రతిసారీ అడగాలి, సూటిగా అడగాలి: "చనిపోవాలని ఆలోచన వస్తోందా? ఎలా అని కూడా అనుకున్నారా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడగడం వల్ల వాళ్ళకి చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకండి, అక్కడి నుంచే సూపర్‌వైజర్‌ని పిలవండి. ఇంట్లో పురుగుల మందు, నిద్రమాత్రలు ఎక్కడున్నాయో కనుక్కుని, కుటుంబంలో ఒకరికి అప్పగించి తీయించండి. పొలం ఉన్న ఇళ్ళలో ఇది ప్రాణం నిలిపే పని. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 కాగితం మీద రాసి చేతికివ్వండి. అది ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. అదే చట్టం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలంటుంది. పోలీసు కేసు అవుతుందని భయపడి కుటుంబం దాచిపెడుతుంటే ఈ మాట చెప్పండి. గోప్యతకి హద్దులున్నాయని కూడా మొదటి రోజే చెప్పాలి: ప్రాణాపాయం ఉంటే దాచలేమనీ, పిల్లల మీద లైంగిక హింస తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదనీ.

9. నోట్స్, సూపర్‌విజన్

సెషన్ అయిన గంటలోపు రాయండి. నా పద్ధతి ఏమిటంటే పేజీని రెండుగా మడిచి, ఎడమవైపు వాళ్ళన్న మాటలు వాళ్ళ యాసలోనే, కుడివైపు ఆ క్షణంలో నాకేమనిపించిందో రాస్తాను. "కడుపు కోత" అన్నారంటే "తీవ్ర విచారం" అని మార్చకండి. అసలు పేర్లు మీ సొంత పుస్తకంలో వద్దు. వాట్సాప్‌లో స్నేహితులకి పేరు లేకుండా చెప్పినా అది బయటపెట్టడమే.

సూపర్‌విజన్‌కి వెళ్ళేటప్పుడు బాగా జరిగిన సెషన్‌ని మెరుగుపెట్టి తీసుకెళ్ళొద్దు. ఎక్కడ మాట తడబడిందో, ఎవరి మీద చిరాకు వచ్చిందో, ఎవరిని కలవకుండా తప్పించుకున్నారో అది తీసుకెళ్ళండి. నా రెండో చోట మేడం "ఈ వారం ఎవరి మంచం దగ్గరికి వెళ్ళలేదు?" అని మొదట అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్నతో నేను నేర్చుకున్నది మొత్తం చదువులో నేర్చుకోలేదు.

10. ఇంటికి వెళ్ళాక

రోజుకి ఇన్ని కుటుంబాలని ముందే హద్దు పెట్టుకోండి, ఇంటర్న్‌కి రెండు మూడు చాలు. ఆసుపత్రి గేటు దాటేటప్పుడు ఏదో ఒక చిన్న పని అలవాటు చేసుకోండి. ముఖం కడుక్కోవడమో, ఒక స్టాప్ దూరం నడవడమో. కలలో వార్డు వస్తున్నా, అన్నం సహించకపోయినా, అమ్మ ఫోన్ ఎత్తకపోతే టెన్షన్ పడిపోతున్నా అది సూపర్‌వైజర్‌కి చెప్పాల్సిన సంగతే. చెబితే తీసేస్తారని దాచుకునే పిల్లలున్నారు. మంచి చోట తీసేయరు, పని తగ్గిస్తారు.

11. ఇంటర్న్‌షిప్ ముగించడం

సర్టిఫికెట్ కాగితం మీద మీరు చేసిన గంటలు, కుటుంబాలతో నేరుగా గడిపిన గంటలు, సూపర్‌విజన్ గంటలు విడివిడిగా రాయించుకోండి. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు అవే చూస్తారు. అచ్చంగా గ్రీఫ్ కౌన్సెలర్ అన్న పోస్టులు మన దగ్గర అరుదు. పాలియేటివ్ కేంద్రాల్లో, కేన్సర్ ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, హెల్ప్‌లైన్లలో కౌన్సెలర్‌గానో సోషల్ వర్కర్‌గానో చేరి, అందులో ఈ పనిని మీ వైపు లాక్కోవాలి. ఇంటర్ ఫలితాల తర్వాత స్నేహితుణ్ణి పోగొట్టుకున్న క్లాసు పిల్లలతో కూర్చునే మనిషి కోసం ఎన్ని కాలేజీలు వెతుక్కుంటాయో.

చివరగా, కుటుంబాల దగ్గర సెలవు తీసుకోవడం. ఇప్పటికే ఒక మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ ముందు మీరూ చెప్పకుండా మాయమైపోకూడదు. మూడు వారాల ముందే చెప్పండి: "పెద్దమ్మా, నేను ఈ నెలాఖరు వరకే ఇక్కడ ఉంటాను. తర్వాత మీ దగ్గరికి ఈ సిస్టర్ వస్తారు." ఆ కొత్త మనిషిని ఒకసారి వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి. సొంత ఫోన్ నంబర్ ఇవ్వకండి, సంస్థ నంబర్ ఇవ్వండి.

ఇంటర్న్‌గా ఉన్నన్నాళ్ళూ ప్రతి కుటుంబం గురించీ తేదీలు రాసిపెట్టుకోండి: మాసికం, పోయినవాళ్ళ పుట్టినరోజు, పెళ్ళిరోజు, పిల్లల పరీక్షలు, సంవత్సరీకం. ఆ రోజుల్లో వెళ్ళిన ఒక్క ఫోన్ కాల్‌కి ఎంత విలువుందో నేను చూశాను. మీరు వెళ్ళిపోయే నాటికి సంవత్సరీకాలు చాలావరకు ఇంకా రాకుండానే ఉంటాయి. ఆ పట్టీ తేటగా తిరగరాసి, మీ తర్వాత వచ్చే మనిషి చేతికిచ్చి వెళ్ళండి.